రిచర్డ్ చెయ్యి బాగానే ఉంది: లెస్టర్‌లో ఒక నాటకం డైరీ

అక్టోబర్: కత్తెర పని

మార్చిలో మా బృందం వేయబోయే నాటకం ఖరారైంది. షేక్‌స్పియర్ ‘రిచర్డ్ ది థర్డ్’. అడ్డొచ్చినవాళ్లను తొలగించుకుంటూ ఇంగ్లండు రాజైన మూడో రిచర్డ్ కథ. దర్శకత్వం నాది. మేమంతా ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్ చేసుకునేవాళ్లం. చర్చి పక్కన అద్దెకు తీసుకున్న హాలు, పద్నాలుగు మంది నటులు, చాలా చిన్న బడ్జెట్. ఊరు మాత్రం ఇంగ్లండులోని లెస్టర్. ఈ రాజు ఎముకలు దొరికిన ఊరు, ఆయన సమాధి ఉన్న ఊరు. వేరే ఊళ్లో ఈ నాటకం వేయడం వేరు, ఇక్కడ వేయడం వేరు.

ముందు స్క్రిప్టు కుదించాలి. 1623 ఫోలియోలో, అంటే షేక్‌స్పియర్ నాటకాల మొదటి సంపుటిలో, ఇది సుమారు 3,600 పంక్తులు. షేక్‌స్పియర్ నాటకాల్లో హామ్లెట్ తర్వాత పొడవైనది ఇదే. ఒక్క రిచర్డ్ పాత్రకే వెయ్యికి పైగా పంక్తులున్నాయి. మొత్తం వేస్తే నాలుగు గంటలకు దగ్గర పడుతుంది. హాలు మాకు రాత్రి పదింటి వరకే ఇస్తారు. అందుకని ఇంటర్వెల్‌తో కలిపి రెండున్నర గంటలకు తేవాలి.

కత్తిరించేటప్పుడు చాలామంది ముందుగా తీసేసే దృశ్యాలు కొన్ని ఉన్నాయి. రిచర్డ్ అన్న ఎడ్వర్డ్ రాజు చనిపోయాడని విని వీధిలో ముగ్గురు పౌరులు మాట్లాడుకునే దృశ్యం. గుమాస్తా ఒక్కడే వచ్చి పద్నాలుగు పంక్తులు చెప్పి వెళ్లిపోయే దృశ్యం. లండన్ టవర్‌లో రిచర్డ్ ఇంకో అన్న క్లారెన్స్‌ను చంపడానికి వచ్చిన వాళ్లకు అధికారి బ్రాకెన్‌బరీ తాళాలు అప్పగించే నాలుగు మాటలు. కథ వీటి వల్ల ముందుకు కదలదు. తీసేస్తే ఎవరికీ తెలియదు కూడా.

నేను అవి మూడూ ఉంచేశాను. ఈ నాటకంలో నన్ను పట్టి లాగేది వాళ్లే. రిచర్డ్ దుర్మార్గుడని మొదటి స్వగతంలో ఆయనే చెప్పేస్తాడు, అందులో దాచిందేమీ లేదు. మరి అందరికీ తెలిసిన దుర్మార్గుడు రాజెలా అయ్యాడు? దానికి జవాబు ఆ చిన్న పాత్రల దగ్గరే దొరుకుతుంది. పౌరులకు గ్లౌస్టర్ డ్యూక్, అంటే రిచర్డ్, ప్రమాదకరమని తెలుసు. అనుకుంటారు, ఎవరి దారిన వాళ్లు పోతారు. బ్రాకెన్‌బరీ తన చేతికొచ్చిన ఆజ్ఞాపత్రం చదివి, దీని అర్థం ఏమిటని నేను ఆలోచించను, ఆలోచించకపోతే దాని పాపం నాకంటదు అంటాడు. ఇక గుమాస్తా, రిచర్డ్ తల తీయించిన హేస్టింగ్స్ ప్రభువు మీద నేరారోపణ పత్రాన్ని శుభ్రంగా తిరగరాసినవాడు. రాయడానికి పదకొండు గంటలు పట్టిందట. అయిదు గంటల క్రితం హేస్టింగ్స్ బతికే ఉన్నాడు, ఆయన మీద అప్పటికి ఏ నేరమూ లేదు. అంటే శిక్ష ముందు, నేరం తర్వాత. ఈ కుట్ర కనపడనంత మొద్దు ఎవడు, కనపడుతోందని చెప్పే ధైర్యం ఎవడికుంది అని గుమాస్తా మనల్నే అడిగి వెళ్లిపోతాడు.

కత్తెర వేరే చోట్ల పడింది. వంశావళుల పట్టీలు, ఒకే శాపాన్ని నలుగురు నాలుగు రకాలుగా గుర్తుచేసుకోవడాలు, యుద్ధానికి ముందు దూతల రాకపోకలు. రిచర్డ్ చంపించే రివర్స్, గ్రే, వాన్ ముగ్గురికీ కలిపి రివర్స్ ఒక్కడినే ఉంచాను. 1597లో అచ్చయిన క్వార్టో ప్రతి (ఈ నాటకం ఒక్కటే ఉన్న చిన్న పుస్తకం) ఫోలియో కంటే చిన్నది. చాలా చోట్ల అదే నాకు దారి చూపించింది. క్వార్టోలోనే ఉండి ఫోలియోలో లేని గడియారం సంభాషణ కూడా ఉంచాను. రిచర్డ్‌ను గద్దెనెక్కించిన బకింగ్‌హామ్ తనకు మాట ఇచ్చిన జాగీరు అడుగుతుంటే రిచర్డ్ టైమెంతైందని అడుగుతాడు. వాళ్లిద్దరి స్నేహం ముక్కలయ్యేది అక్కడే.

రిచర్డ్ పక్షం చేతిలో ఓడిన పాత రాజు భార్య మార్గరెట్ రాణిని తీసేద్దామని బృందంలో ఇద్దరు గట్టిగా వాదించారు. చరిత్ర ప్రకారం ఆమె ఈ కథ నడిచే వేళకు ఇంగ్లండులోనే లేదు. 1482లోనే ఫ్రాన్స్‌లో చనిపోయింది. కాలీ సిబ్బర్ 1700లో ఈ నాటకాన్ని తిరగరాసినప్పుడు ఆమెను, క్లారెన్స్‌ను, హేస్టింగ్స్‌ను తీసేశాడు. పందొమ్మిదో శతాబ్దం దాకా జనం ఎక్కువగా చూసింది ఆ కుదింపునే. కానీ రిచర్డ్ మొహం మీదే జరిగింది జరిగినట్టు చెప్పే మనిషి మొదటి సగంలో ఆమె ఒక్కతే. మిగతావాళ్లు ఆమెను పిచ్చిదని పక్కన పెడతారు. ఉంచాం. శాపాల్లో మూడో వంతు తగ్గించాం.

నవంబర్: ఎవరికి ఏ పాత్ర

యాభైకి పైగా పాత్రలు, పద్నాలుగు మంది. గోడకు పెద్ద చార్టు అంటించి అడ్డంగా దృశ్యాలు, నిలువుగా నటులు రాసుకున్నాం. ఈ నాటకంలో పాత్రలు పంచడానికి ఒక చిక్కుంది. చచ్చినవాళ్లు చచ్చి ఊరుకోరు. అయిదో అంకంలో పదకొండు ప్రేతాలు వరసగా వచ్చి ఒక గుడారంలో రిచర్డ్‌ను శపించి, పక్క గుడారంలో, మర్నాడు ఆయన్ని ఓడించబోయే రిచ్‌మండ్‌ను దీవించి పోతాయి. మొదటి అంకంలోనే చనిపోయే క్లారెన్స్ నటుడికి చివర్లో రిచ్‌మండ్ వేషం ఇద్దామనుకుంటే కుదరదు, నిద్రపోతున్న రిచ్‌మండ్ దగ్గరికి క్లారెన్స్ ప్రేతం రావాలి. రిచర్డ్ పెళ్లాడే లేడీ ఆన్ వేషం వేసే అమ్మాయి చిన్న యువరాజు వేషం కూడా వేస్తానంది. అన్ని దృశ్యాల్లోనూ సరిపోతుంది, ఒక్క ప్రేతాల దగ్గర తప్ప. అక్కడ ఇద్దరూ రావాలి.

చివరికి ఎడ్వర్డ్ రాజు కొడుకులు, రిచర్డ్ చంపించే యువరాజులకు నిజంగా పిల్లల్నే తీసుకున్నాం. చరిత్రలో అన్నకు పన్నెండేళ్లు, తమ్ముడికి తొమ్మిది. పెద్దవాళ్లు పిల్లల వేషం వేస్తే ప్రేక్షకుడికి ఒక ఊరట దొరుకుతుంది. అది ఇవ్వకూడదనిపించింది. పిల్లలు వేదిక ఎక్కాలంటే ఇక్కడ స్థానిక కౌన్సిల్ నియమాలున్నాయి. అనుమతి కాగితాలు, పిల్లల వెంట ఉండే పెద్దమనిషి, ఇంటికి పంపే వేళ, అన్నీ ముందే చూసుకోవాలి. ఆ పని మా స్టేజ్ మేనేజర్ తీసుకుంది.

గుమాస్తా పాత్రకు ఆడిషన్లో నేను ఊహించని మనిషి దొరికింది. చాలా ఏళ్లు ఆఫీసులో టైపిస్టుగా పనిచేసి రిటైరైన ఆవిడ. ఆ పద్నాలుగు పంక్తులనూ గొంతు పెంచకుండా, చేతిలోని కాగితం అంచులు సరిచేసుకుంటూ చదివింది. హాల్లో ఎవరూ కదల్లేదు.

నవంబర్ చివర: రాజుగారి వెన్నెముక

ఇక రిచర్డ్. నాటకం ప్రకారం గూని, ఎండిపోయిన చెయ్యి, కుంటి నడక, తనను చూసి కుక్కలు మొరుగుతాయని ఆయనే చెప్పుకుంటాడు. నాలుగు వందల ఏళ్లు నటులు వీపుకు మూటలు కట్టుకుని ఈ పాత్ర వేశారు.

కానీ మాకు అసలు మనిషి దొరికాడు. 2012 ఆగస్టులో లెస్టర్ నగరం మధ్యన కౌన్సిల్ కార్ పార్కులో తవ్వకం మొదలుపెట్టారు. ఒకప్పుడు గ్రేఫ్రయర్స్ అనే సన్యాసుల మఠం ఉన్న చోటు. మొదటి రోజే కాలి ఎముకలు కనిపించాయి. 2013 ఫిబ్రవరి 4న లెస్టర్ విశ్వవిద్యాలయం ఇవి రిచర్డ్‌వే అని ప్రకటించింది. రిచర్డ్ అక్క వంశంలో తల్లుల వరసన వచ్చిన వారి డీఎన్ఏతో పోల్చి చూశారు. 2015 మార్చి 26న ఎముకల్ని కెథెడ్రల్‌లో మళ్లీ సమాధి చేశారు.

ఆ అస్థిపంజరం చెప్పింది ఇది. వెన్నెముక పక్కకు బాగా వంగింది. స్కోలియోసిస్. పుట్టుకతో వచ్చింది కాదు, ఎదిగే వయసులో వచ్చింది. కుడి భుజం ఎడమదాని కంటే కొంచెం ఎత్తు. గూని లేదు. చెయ్యి ఎండిపోలేదు. కుంటినట్టు కాళ్లలో ఆధారం లేదు. మంచి దర్జీ కుట్టిన బట్టలేసుకుంటే చాలామందికి తెలిసి ఉండేదే కాదు. 2014లో అలాంటి వెన్నెముకే ఉన్న ఒక యువకుడికి కవచం తొడిగి, గుర్రమెక్కించి పరీక్షించారు కూడా. బాగానే పోరాడగలిగాడు.

మా రిచర్డ్‌కు కూడా స్కోలియోసిస్ ఉంది. అదే చూసి తీసుకోలేదు. ఆడిషన్లో లేడీ ఆన్ దృశ్యం ఆయన చదివినంత నెమ్మదిగా, అంత మర్యాదగా ఇంకెవరూ చదవలేదు. ఎంపికయ్యాక ఆయన అడిగింది ఒక్కటే, వీపు మీద ఏమీ కట్టనని. నాకూ అదే కావాలి. పొడవాటి స్వగతాల్లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎంతసేపు నిలబడితే నడుము పట్టేస్తుందో ఆయనకు బాగా తెలుసు. దాన్ని బట్టే కదలికలు రాసుకున్నాం. పట్టాభిషేకం తర్వాత సింహాసనం చెయ్యి మీద ఒరిగి కూర్చోవడం అలా వచ్చిందే.

అప్పుడు మొదటి స్వగతం మారిపోయింది. ప్రకృతి నన్ను సగమే చేసి లోకంలోకి తోసేసింది, ప్రేమికుడిగా పనికిరాను కనుక దుర్మార్గుడినవుతాను అని ఆయన అంటుంటే, మన ముందున్నది ఒక భుజం కాస్త ఎత్తుగా ఉన్న మామూలు మనిషి. తన గురించి జనం అనే మాటల్నే తీసుకుని తన పనికి సాకుగా వాడుకుంటున్నాడని తెలుస్తోంది. శరీరాన్ని బట్టి మనసును చదవడం ఆ కాలపు నమ్మకం. దాన్ని మా వేదిక మీద మళ్లీ నిజం చేయడం నాకు ఇష్టం లేదు.

డిసెంబర్

సెలవుల వల్ల రిహార్సల్స్ తక్కువ. బట్టలు చారిటీ షాపుల్లో కొన్నాం, అన్నీ ముదురు రంగు సూట్లు, కోట్లు. ఏ కాలమని ఖచ్చితంగా చెప్పలేని బట్టలు. యార్క్ పక్షం, అంటే రిచర్డ్ కుటుంబం వాళ్ల కోటుకు తెల్ల గులాబీ.

రిచర్డ్ సొంత చిహ్నం తెల్ల అడవిపంది. 1483 సెప్టెంబరులో కొడుకును యార్క్ నగరంలో ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌గా ప్రకటించినప్పుడు ఆ బొమ్మతో 13,000 గుడ్డ బ్యాడ్జీలు చేయించాడు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మేమూ చేస్తున్నాం. తెల్ల ఫెల్టు గుడ్డ, కాగితం మీద గీసిన అచ్చు, కత్తెర, పిన్నీసు. వేదిక మీద ఒక్కొక్కరూ గులాబీ తీసి పందిని పెట్టుకుంటారు, ఎప్పుడు ఎవరు అనేది చార్టులో రాశాం. ఇంటర్వెల్ అయ్యాక ప్రేక్షకులు లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర నవ్వుతూ ఒక్కో బ్యాడ్జీ చేతిలో పెడతాం. పెట్టుకోమని అడగం.

సౌండ్ చూసుకుంటున్న గుంటూరు అబ్బాయి ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. బ్యాడ్జీలు కత్తిరిస్తూ అడిగాడు.

“అక్కా, వరాహం అంటే మనకు దేవుడు కదా. వీళ్లేంటి తిట్టడానికి వాడుతున్నారు?”

నిజమే. మనకు వరాహం సింహాచలం అప్పన్న, విజయనగర రాజుల ముద్ర. ఈ నాటకంలో స్టాన్లీ అనే ప్రభువు కలలో పంది వచ్చి తల మీది శిరస్త్రాణం పెకలిస్తుంది, మార్గరెట్ రిచర్డ్‌ను నేలను కుళ్లగించే పంది అని తిడుతుంది. “రిచర్డ్ కోటుకున్నప్పుడు అది గౌరవమేరా. మిగతావాళ్లు చాటుగా అన్నప్పుడే తిట్టు” అన్నాను. వాడు కాసేపాగి, “అయితే ఈయన శకుని అక్కా. పక్కనే ఉండి అందరినీ తినేస్తాడు” అన్నాడు.

నాకు దుర్యోధనుడు కూడా గుర్తొచ్చాడు. మా ఊరి తిరునాళ్లలో కురుక్షేత్రం నాటకం ఆడితే వన్స్‌మోర్‌లు ఎక్కువగా దుర్యోధనుడి పద్యాలకే పడేవి. జనానికి ఆయన చేసింది తెలియక కాదు. రిచర్డ్‌తోనూ ప్రేక్షకులు మొదట అలాగే ప్రేమలో పడాలి. ఆయన తన పథకాలు మనకే ముందు చెబుతాడు, అవి పారినప్పుడు మనవైపు తిరిగి సంతోషం పంచుకుంటాడు. తెలిసీ ఊరుకున్నవాళ్లలో మొదటి వరస ప్రేక్షకులదే.

జనవరి: స్ట్రాబెర్రీలు, చెయ్యి

మూడో అంకం నాలుగో దృశ్యం మీదే ఈ నెలంతా గడిచింది. 1483 జూన్ 13, లండన్ టవర్. పెద్ద యువరాజు పట్టాభిషేకం తేదీ ఖాయం చేయడానికి పెద్దలంతా బల్ల చుట్టూ కూర్చుంటారు. రిచర్డ్ ఆలస్యంగా వచ్చి, ఈలీ బిషప్‌ను పలకరించి, హోబర్న్‌లో మీ తోటలో మంచి స్ట్రాబెర్రీలు చూశాను, కొన్ని తెప్పించండి అంటాడు. ఇది షేక్‌స్పియర్ కల్పించింది కాదు, ఆయనకు ముందే థామస్ మోర్ రాసిన రిచర్డ్ చరిత్రలోనే ఉంది. బకింగ్‌హామ్‌తో బయటికి వెళ్లి, కాసేపటికి ఉగ్రుడై తిరిగొస్తాడు. నా చెయ్యి చూడండి, ఎండిన మొక్కలా అయిపోయింది, ఎడ్వర్డ్ భార్య రాణి ఎలిజబెత్, షోర్ అనే ఆవిడ కలిసి చేతబడి చేశారు అంటాడు.

మోర్ తన చరిత్రలో ఒక మాట రాశాడు. ఆ చెయ్యి పుట్టుక నుంచీ అలాగే ఉందని అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. అబద్ధమని అందరికీ తెలిసి, అందరూ నోరు మూసుకున్నారు.

మేం ఇంకో అడుగు ముందుకు వేశాం. అస్థిపంజరంలో రెండు చేతులూ బాగానే ఉన్నాయి కదా. మా రిచర్డ్ చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న చేతిని బల్ల మధ్యలో పెడతాడు. వేళ్లు కదిలిస్తాడు కూడా. ఎండిపోయింది చూడండి అంటాడు. అందరూ చూస్తారు. ఎవరూ ఏమీ అనరు.

మొదటిసారి ఇలా చేసినప్పుడు నటులకే నవ్వొచ్చింది. నవ్వనివ్వండి అన్నాను, ప్రేక్షకులూ మొదట నవ్వుతారు. ఆ నవ్వు ఎక్కడ ఆగాలన్నదే మా పని. వాళ్లే గనక ఈ పని చేసి ఉంటే ప్రభూ, అని హేస్టింగ్స్ మొదలుపెడతాడు. ఆ అనుమానం చాలు. రిచర్డ్ అతన్ని ద్రోహి అని, తల తీసేయమని, ఆ తల చూసేదాకా భోజనం చేయనని చెప్పి, నన్ను ప్రేమించేవాళ్లు లేచి నా వెంట రండి అంటాడు.

లేవడం ఎలా అన్నది చాలాసార్లు మార్చి చూశాం. అందరూ ఒక్కసారి లేస్తే సైనికుల్లా ఉంది. చివరికి ఇలా కుదిరింది: రిచర్డ్ నమ్మినబంటు కేట్స్‌బీ వెంటనే లేస్తాడు, ఇంకొకరు కాగితాలు సర్దుకుని లేస్తారు, బిషప్ చేతిలో స్ట్రాబెర్రీల బుట్ట ఎక్కడ పెట్టాలో తెలియక దాంతోనే లేస్తాడు, స్టాన్లీ అందరికన్నా ఆఖరున, హేస్టింగ్స్ వైపు చూడకుండా. చెక్క నేల మీద కుర్చీలు జరిగే చప్పుడు ఒక్కటే వినిపించాలి. కుర్చీ కాళ్లకున్న రబ్బరు తొడుగులు తీసేయించాను.

రిహార్సల్స్‌కు ప్లాస్టిక్ పండ్లు వాడుతున్నాం. ప్రదర్శనకు నిజమైనవే కావాలి, చిన్న హాల్లో ఆ వాసన ముందు వరసలకు తగులుతుంది. తర్వాతి దృశ్యంలో హేస్టింగ్స్ తల తెస్తారు. బొమ్మ తల వద్దనుకున్నాం. ఎండు బఠానీలు నింపిన గోనెసంచి, బల్ల మీద పెట్టినప్పుడు దాని బరువు వినపడుతుంది. అది చాలు.

లేడీ ఆన్ దృశ్యం గురించి క్లుప్తంగా. మామగారి శవం పక్కన, భర్తను చంపినవాడే పెళ్లి చేసుకోమంటే ఆమె ఒప్పుకోవడం నమ్మించడం కష్టమంటారు. మా ఆన్ దాన్ని మోహంగా కాక లెక్కగా చదివింది. తండ్రి లేడు, భర్త లేడు, మామ లేడు, కాపాడే పక్షం ఓడిపోయింది. ఉంగరం వేలికి తొడిగినప్పుడు ఆమె రిచర్డ్‌ను కాదు, శవాన్ని మోసేవాళ్లను చూస్తుంది. వాళ్లు తలలు దించుకుని ఉంటారు.

ఫిబ్రవరి: మీరంతా లండన్ పౌరులు

ఇంటర్వెల్‌కు ముందు వచ్చే బేనార్డ్ కోట దృశ్యం. గిల్డ్‌హాల్‌లో పౌరుల ముందు రిచర్డ్‌ను రాజుగా ప్రతిపాదించి వచ్చిన బకింగ్‌హామ్, అక్కడేమైందో చెబుతాడు. జనం ఒక్క మాట మాట్లాడలేదు, మూగ విగ్రహాల్లా, ఊపిరి తీసే రాళ్లలా ఒకరినొకరు చూసుకున్నారు. హాలు వెనకాల తన మనుషులు కొందరు టోపీలు ఎగరేసి, ఓ పది గొంతులు రాజు వర్ధిల్లాలని అరిచాయి. ఇంక చాలు, ఈ జయధ్వానాలు మీ ప్రేమకు గుర్తు అని తాను ధన్యవాదాలు చెప్పేశాడు.

తర్వాత అదే నాటకం మన కళ్ల ముందు ఆడతారు. రిచర్డ్ ఎత్తైన చోట, ఇద్దరు మతాచార్యుల మధ్య ప్రార్థన పుస్తకంతో కనిపిస్తాడు, వద్దు వద్దంటాడు. అసలు రిచర్డ్ వాడిన ప్రార్థన పుస్తకం ఇప్పటికీ లండన్‌లో లాంబెత్ ప్యాలెస్ గ్రంథాలయంలో ఉంది. మాది పాత అట్టకు తోలు అంటించినది.

ఇక్కడ పౌరులుగా నటులెవరూ లేరు. ఉండటానికి మా దగ్గర మనుషులూ లేరు, కానీ ఉన్నా పెట్టేదాన్ని కాదు. హాలు దీపాలన్నీ వెలిగిస్తాం. బకింగ్‌హామ్ ప్రేక్షకులతోనే మాట్లాడతాడు. మేయర్ ముందు వరసలో వాళ్ల మధ్యే కూర్చుంటాడు. కేట్స్‌బీ, ఇంకో ఇద్దరు వెనక గోడ దగ్గర నిలబడి అరుస్తారు. నాటకంలో రాసిన చోటే, హాలు వెనకాలే.

దీని మీద స్టేజ్ మేనేజర్‌కు, నాకు పెద్ద చర్చ నడిచింది. నడవల్లో నటులు నిలబడితే అత్యవసర దారికి అడ్డం. ఆవిడ మాట న్యాయం. నటుల్ని నడవల్లోంచి తీసి వెనక గోడ మూలలకు మార్చాం. ఇంకో సంగతి, బకింగ్‌హామ్ ‘రిచర్డ్ రాజు వర్ధిల్లాలి’ అన్నాక అందరూ ‘ఆమెన్’ అనాలి. ప్రేక్షకులు అనకపోతే? ఎంతసేపు ఆగాలి? దీపాలు మార్చే క్యూ, అంటే సైగ, దేని మీద వెయ్యాలి? ఆవిడకు ఖచ్చితమైన క్యూ కావాలి. నాకు ఆ మౌనం కావాలి. బకింగ్‌హామ్ టోపీ తీయడం క్యూ అనుకున్నాం. ఎంత ఆగాలో ఆ నటుడే హాలును చూసి నిర్ణయిస్తాడు.

బంధువుల్ని, స్నేహితుల్ని పిలిచి ఒకసారి ఆడి చూశాం. బకింగ్‌హామ్ అన్నాడు, ఆగాడు. వెనక మూల నుంచి కేట్స్‌బీ ఆమెన్ అన్నాడు. రెండో వరసలో ఎవరో అన్నారు. ఆ తర్వాత ఒక నలభై గొంతులు. ఇంకొందరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మేం అడగలేదు. నేను నోట్సు రాయడం ఆపేసి వాళ్ల మొహాలు చూశాను. చాలామంది నవ్వుతున్నారు, ఆటలో భాగమని సంతోషంగానే. తర్వాత బ్యాడ్జీలు ఇచ్చాం. ఎక్కువ మంది పెట్టుకున్నారు. యువరాజుల్ని చంపిన వార్త, ఆ పని చేయించిన టిరెల్ చెబుతున్నప్పుడు మాత్రం చాలా చేతులు కోటు మీదికి వెళ్లడం పక్కనుంచి చూశాను.

ఆ రోజు వచ్చిన వాళ్లలో రిచర్డ్‌ను మనసారా అభిమానించే ఒకాయన ఉన్నారు. ఈ ఊళ్లో వాళ్లకు కొదవ లేదు. ఆయన బాధగా చెప్పింది సబబే. క్లారెన్స్‌కు 1478లో మరణశిక్ష పడింది అన్న ఎడ్వర్డ్ రాజు హయాంలో, పార్లమెంటు ద్వారా. నాటకం ఆ నేరాన్ని రిచర్డ్ మెడకు చుట్టింది. షేక్‌స్పియర్ రాసిన కాలంలో సింహాసనం మీదున్నది రిచర్డ్‌ను ఓడించిన రిచ్‌మండ్ మనవరాలు. 1484లో రిచర్డ్ పార్లమెంటు బెయిలు విషయంలో సామాన్యులకు మేలు చేసే చట్టం కూడా చేసింది. ఇదంతా ప్రోగ్రాం పుస్తకంలో ఒక పేజీ వేస్తున్నాం, రిచర్డ్ చనిపోయిన బోస్వర్త్ యుద్ధభూమి మ్యాపు ఎదురుగా. టవర్‌లో పిల్లలేమయ్యారన్నది మాత్రం ఆయనా నేనూ తేల్చుకోలేకపోయాం.

ఫిబ్రవరి చివర: ప్రేతాలు, పోరాటం

ప్రేతాలకు పొగ, పచ్చ లైటు వద్దనుకున్నాం. చనిపోయిన ప్రతివాళ్లూ ఆ తర్వాత ప్రేక్షకుల మధ్య ఖాళీ కుర్చీలో కూర్చుంటారు. అయిదో అంకంలో ఒక్కొక్కరే పక్కవాళ్లను తప్పించుకుంటూ లేచి వస్తారు. దీనికి తొమ్మిది సీట్లు అమ్మకుండా వదులుకోవాలి. కోశాధికారి బాధపడ్డాడు, తర్వాత రిహార్సల్ చూసి ఒప్పుకున్నాడు.

పోరాటం నేర్పడానికి శిక్షకుడు వచ్చాడు. అంచు లేని ఉక్కు కత్తులు, ప్రతి దెబ్బకూ లెక్క, కళ్లతో సైగ చేయకుండా కత్తి ఎత్తకూడదు. నాటకంలో రిచర్డ్, రిచ్‌మండ్ ఒకరితో ఒకరు పోరాడతారు. ఎముకల మీద చనిపోయే వేళ పడిన గాయాలు పదకొండు, అందులో తొమ్మిది పుర్రె మీదే. అప్పటికి తల మీద శిరస్త్రాణం లేదు. అది ఇద్దరి పోరు కాదు, చాలామంది ఒకేసారి మీద పడ్డారు. మేం ఎముకల మాటే విన్నాం. మౌనంగా బల్ల దగ్గర్నుంచి లేచిపోయిన వాళ్లే ఇప్పుడు సైనికులై చుట్టుముడతారు. స్టాన్లీ తన బ్యాడ్జీ అక్కడే పీకేస్తాడు. గుర్రం, గుర్రం, నా రాజ్యమిస్తాను ఒక్క గుర్రం అన్న మాట మా రిచర్డ్ అరవడు. ఎదురుగా ఉన్న ప్రేక్షకుల్ని అడుగుతాడు, ఇన్నాళ్లూ అన్నీ చెప్పుకున్నది వాళ్లకే కదా. ముప్పై రెండేళ్ల మనిషి, రాజుగా ఉన్నది రెండేళ్ల పైచిలుకు.

మార్చి: టెక్, మొదటి రాత్రి

టెక్ రిహార్సల్ (లైట్లు, శబ్దాలు అన్నీ కలిపి చూసుకునేది) పొడవుగా సాగింది. మంచెలా కట్టిన స్కాఫోల్డ్ మీద మతాచార్యులిద్దరూ నిలబడితే ఊగుతోంది, అడ్డపట్టీ బిగించారు. గుంటూరు అబ్బాయి గుర్రాల సకిలింపులు అన్నీ తీసేయమంటే కాస్త నొచ్చుకున్నాడు, బదులుగా దూరం నుంచి వినపడే డెక్కల చప్పుడు ఒక్కటి చేసి ఇచ్చాడు. చాలా బాగుంది. పిల్లలిద్దరికీ టెన్షన్ లేదు, మాకే.

మొదటి రాత్రి హాలు నిండింది. చెయ్యి చూపించే దగ్గర నవ్వు వచ్చింది, కుర్చీలు జరిగేటప్పటికి ఆగింది. ఆమెన్ మాత్రం రాలేదు. బకింగ్‌హామ్ ఆగాడు, ఇంకా ఆగాడు. వెనక కేట్స్‌బీ అన్నాడు, ఒకరిద్దరు గొణిగారు, మిగతా హాలంతా చూస్తూ కూర్చుంది, గిల్డ్‌హాల్‌లో కూర్చున్నట్టే. బకింగ్‌హామ్ ధన్యవాదాలు చెప్పి టోపీ తీశాడు. అన్నా మౌనమే, అనకపోయినా మౌనమే అని ఇంటర్వెల్‌లో ఆ నటుడు అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

గుమాస్తా దృశ్యానికి చప్పట్లు పడ్డాయి. పద్నాలుగు పంక్తులకు.

చివర్లో స్టాన్లీ కొడుకు బతికే ఉన్నాడా అని రిచ్‌మండ్ అడిగితే, ఉన్నాడు ప్రభూ, లెస్టర్ పట్టణంలో క్షేమంగా ఉన్నాడు, తమరికి ఇష్టమైతే మనమూ అక్కడికే వెళ్దాం అన్న మాట షేక్‌స్పియర్ రాసిందే. హాలంతా గొల్లుమంది. శవం వేదిక మీదే ఉంది. నటులు నవ్వు అణిగేదాకా ఆగి, శాంతి ప్రసంగం మొదలుపెట్టారు. ఆ నవ్వును రేపు కూడా అలాగే వదిలేస్తాం, రిచ్‌మండ్ దాన్ని మింగేసే ప్రయత్నం చేయొద్దు.

రేపటికి నోట్సు: మార్గరెట్ రెండో రాకకు స్పాట్ ఆలస్యమైంది. బ్యాడ్జీ పిన్నీసులు కొన్ని ఊడుతున్నాయి, కుట్టాలి. ప్రేతాల కుర్చీల్లో ఒకదాంట్లో ఎవరో కోటు పెట్టుకున్నారు, కాగితం అంటించాలి. బకింగ్‌హామ్ మౌనం ఇవాళ్టి అంతే ఉండాలి, తగ్గించొద్దు. ఫైట్ కాల్ (ప్రదర్శనకు ముందు పోరాటం ఒకసారి చేసి చూడటం) అయిదింటికి. బిషప్ బుట్టకు కొత్త పండ్లు కొనాలి.